గాలివాన రాకముందే ఎండుకొమ్మ దించాలి

ముసలి చెట్లకు గొడ్డలి వద్దు, రంపం మేలు * మోడు వదిలితే పుచ్చు, చెక్కితే తొర్ర

తణుకు: రచ్చబండ దగ్గర రావి, పెరట్లో మామిడి, కళ్ళం గట్టున వేప, బడి ఆవరణలో చింత, కాలువ గట్టున నిద్రగన్నేరు. గోదావరి డెల్టాలో ఏ ఊరు తీసుకున్నా ఇలాంటి పెద్దచెట్లు నాలుగైనా ఉంటాయి. తాతల నాడు నాటినవి. వాటి నీడన కూర్చోని వారుండరు. కాని తలెత్తి పైకి చూసేవారు తక్కువ. పైన ఒక కొమ్మ రెండేళ్ళుగా ఎండి వేలాడుతున్న సంగతి, అది ఏ పశువుల పాక మీదో పడ్డాక గాని తెలియదు.

ఎండుకొమ్మే కదా, తేలిక అనుకుంటారు. లెక్క వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. అడుగు లావు, పదడుగుల పొడవు ఉన్న గట్టి కర్ర బాగా ఎండిన తర్వాత కూడా నూటయాభై కిలోల వరకు తూగుతుంది. అంటే రెండు ధాన్యం బస్తాలు. ఇరవై అడుగుల ఎత్తునుంచి రెండు బస్తాలు ఒక్కసారిగా పడితే రేకుల కప్పు ఆగదు, మనిషి తల అసలే ఆగదు.

ఈ ప్రాంతానికి గాలివానలు కొత్తకాదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను పెద్దలు మరువలేదు. 1996 నవంబరు 6 రాత్రి గోదావరి జిల్లాల మీద విరుచుకుపడిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో చెట్లను కూకటివేళ్ళతో పెకలించింది. తుపాను అంటే అక్టోబరు, నవంబరు నెలలదే అనుకోనక్కరలేదు. 1990లో మే నెలలోనే పెద్ద తుపాను కోస్తాను ముంచింది. అంత గాలికి పచ్చని చెట్లే నిలవనప్పుడు ఎండుకొమ్మ సంగతి చెప్పేదేముంది? తుపానును ఆపడం ఎవరి తరమూ కాదు. కాని తుపాను వచ్చేసరికి చెట్టు మీద ఎండుకొమ్మ లేకుండా చూసుకోవడం మన చేతిలో పనే.

ఏది ఎండింది, ఏది ఆకు రాల్చింది?

ముందుగా తెలుసుకోవలసింది ఇది. మాఘ, ఫాల్గుణ మాసాల్లో వేప, రావి ఆకు రాలుస్తాయి. బూరుగ మోడులా నిలబడుతుంది. టేకు ఎండాకాలమంతా ఆకు లేకుండానే ఉంటుంది. అది చూసి కొమ్మ చచ్చిపోయిందని నరికితే పచ్చని కొమ్మను పోగొట్టుకున్నట్టే. ఉగాది దాటి చెట్టంతా చిగురించాక కూడా ఒక్క కొమ్మ మాత్రం బోడిగా ఉంటే దానిని అనుమానించాలి. టేకును మాత్రం తొలకరి దాకా చూడాలి.

అనుమానం తీరడానికి సులువైన పరీక్ష ఉంది. కొమ్మ మీద బెరడును గోటితోనో, చాకు మొనతోనో కొద్దిగా గీరాలి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే ఎండినట్టు. కొస నుంచి మొదలు వైపు రెండు మూడు చోట్ల గీరి చూస్తే ప్రాణం ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది. బెరడు పెచ్చులుగా ఊడిపోవడం, కొమ్మ మీద పుట్టగొడుగులు మొలవడం, సన్నని రెమ్మలు పుటుక్కున విరగడం కూడా ఎండుకు గుర్తులే.

ఒకటి రెండు కింది కొమ్మలు ఎండితే కంగారు లేదు. పై కొమ్మల నీడ కమ్మి కింది కొమ్మలు ఎండిపోవడం సహజం. చెట్టు పైనుంచి, అంటే తల నుంచి ఎండుతూ వస్తుంటే మాత్రం రోగం కొమ్మలో లేదు, వేరులో ఉందని అనుమానించాలి. రోడ్డు కోసం వేళ్ళు నరకడం, మొదట్లో మట్టి ఎత్తుగా పోయడం, చుట్టూ సిమెంటు అరుగు బిగించి కట్టడం, చెత్త పోగువేసి నిప్పు పెట్టడం ఇందుకు కారణాలు. ఉప్పునీటి రొయ్యల చెరువు గట్టున ఉన్న చెట్లదీ ఇదే అవస్థ. అలాంటి చోట కొమ్మలు ఎన్ని కోసినా లాభం లేదు. ముందు వేరుకు పట్టిన బాధ తీర్చాలి.

వేళ ఏది?

ప్రమాదంగా వేలాడే ఎండుకొమ్మకు ముహూర్తం అక్కరలేదు. కనిపించిన వారంలోనే దించాలి. తొందర లేని కొమ్మలకు మాత్రం పొడి రోజులు చూసుకోవడం మంచిది. డెల్టాలో దాళ్వా కోతలు అయి, కాలువలు కట్టేసి, కూలీలకు కాస్త తీరిక దొరికేది భరణి, కృత్తిక కార్తెలలో. అప్పటికి చెట్లన్నీ చిగురించి ఉంటాయి గనుక ఎండుకొమ్మ పచ్చకొమ్మల మధ్య స్పష్టంగా కనిపిస్తుంది. రోహిణి ఎండలు ముదిరి సాయంత్రం గాలిదుమ్ములు లేవకముందే పని ముగించాలి.

వానలు పడుతుండగా కోయకపోవడం మేలు. తడిలో బూజు తెగుళ్ళు కోసిన గాయం మీదకు త్వరగా చేరతాయి. పైగా తడిసిన కొమ్మ మీద కాలు జారుతుంది. ఆశ్వయుజ మాసంలో, తుపానులకు ముందు, వాన తెరిపి ఇచ్చినప్పుడు మరొకసారి చెట్లన్నీ చూసుకుని వర్షాలకు విరిగి వేలాడుతున్న వాటిని దించితే సరిపోతుంది.

మామిడికి లెక్క వేరు. కాయ కోత పూర్తికాగానే, జూన్, జూలై నెలల్లో వాన లేని రోజు చూసి ఎండుపుల్లలు, రోగం కొమ్మలు తీసేయాలి. ఆలస్యం చేసి శీతాకాలంలో పచ్చకొమ్మ మీద కత్తి పెడితే ఆ ఏడు పూత దెబ్బతింటుంది. చింతకు కాయ దులిపిన తర్వాత, మళ్ళీ వానలు రాకముందు అనువైన సమయం.

గొడ్డలి ఎందుకు వద్దు?

పల్లెల్లో కొమ్మ అనగానే గొడ్డలి తీస్తారు. గొడ్డలి వేటుకు కొమ్మ తెగుతుంది నిజమే. దానితోపాటు బెరడు చీలుతుంది, కాండం పగులుతుంది, గాయం ఎగుడుదిగుడుగా మిగులుతుంది. ఆ పగుళ్ళలో వాననీరు నిలిచి పుచ్చు మొదలవుతుంది. రంపం కోత నున్నగా ఉంటుంది. నున్నని గాయం చుట్టూ కొత్త బెరడు సులువుగా అల్లుకుంటుంది. బొటనవేలు లావు పుల్లలకు తోట కత్తెర, అంతకు మించినవాటికి చేతి రంపం వాడాలి. రోగం ఉన్న చెట్టు నుంచి మరో చెట్టుకు వెళ్ళేముందు రంపాన్ని కడిగి తుడవాలి.

లావుపాటి కొమ్మను ఒకే కోతలో పడగొట్టకూడదు. సగం తెగేసరికి బరువుకు కొమ్మ కిందకు ఒరిగి, కాండం మీది బెరడును చారెడు వెడల్పున ఒలుచుకుంటూ పోతుంది. అందుకే మూడు కోతలు.

మొదటి కోత కాండానికి అడుగున్నర దూరంలో, కొమ్మ అడుగు వైపు నుంచి పైకి. లావులో మూడోవంతు వరకు కోసి ఆపాలి. రెండో కోత దానికి రెండు మూడు అంగుళాలు కొస వైపుగా, పైనుంచి కిందకు. కొమ్మ అక్కడ విరిగి పడిపోతుంది. చీలిక వచ్చినా మొదటి కోత దగ్గర ఆగిపోతుంది. మూడో కోతతో మిగిలిన అడుగున్నర మోడును తీసేయాలి. పొడవైన కొమ్మ అయితే కొస నుంచి ముక్కలుగా దించుకుంటూ రావాలి. కింద ఇల్లో, పాకో ఉంటే ప్రతి ముక్కకూ మోకు కట్టి నెమ్మదిగా వదలాలి.

అసలు కిటుకు మూడో కోతలోనే

కొమ్మ కాండంలో కలిసే చోట ఉంగరంలా ఒక ఉబ్బు ఉంటుంది. బెరడు అక్కడ ముడతలు పడి కనిపిస్తుంది. గాయాన్ని మూసే శక్తి అంతా ఆ ఉబ్బులోనే ఉంది. మూడో కోత సరిగ్గా ఆ ఉబ్బుకు బయట పడాలి. ఉబ్బును కోయకూడదు.

చాలామంది కాండానికి సమంగా, నున్నగా చెక్కేస్తారు. చూడటానికి బాగుంటుంది. కాని ఉబ్బు పోయి గాయం రెట్టింపవుతుంది. అదే పదేళ్ళకు తొర్ర అవుతుంది. మరికొందరు అడుగు, రెండడుగులు మోడు వదిలేస్తారు. ఆ మోడు మీదకు బెరడు అల్లుకోలేదు. మోడు పుచ్చి, ఆ పుచ్చు కాండంలోకి దిగుతుంది. చెదలకు, తొలిచే పురుగులకు అది వీధి తలుపు తెరిచినట్టే. ఎండి చాలాకాలమైన కొమ్మల మొదట్లో పచ్చని బెరడు కొంత ముందుకు పాకి ఉంటుంది. అప్పుడు ఆ పచ్చని భాగం ఎక్కడ ఆగిందో చూసి, దాని అంచున ఎండు కర్రను మాత్రమే కోయాలి.

ఈ సంగతిని శాస్త్రంగా రుజువు చేసినవారు అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో. ఆయన వేలాది చెట్లను రంపంతో నిలువునా కోయించి లోపల పుచ్చు ఎలా పాకుతుందో పరిశీలించారు. మనిషి ఒంటి గాయం మానినట్టు చెట్టు గాయం మానదని, గాయపడిన కర్ర చుట్టూ చెట్టు లోపల గోడలు కట్టి దానిని వేరుచేస్తుందని 1970వ దశకంలో వివరించారు. కాండానికి సమంగా చెక్కితే ఆ గోడ కట్టే చోటే పోతుందని ఆయన చెప్పిన దాని సారాంశం.

తారు పూయాలా?

కోసిన చోట తారు, రంగు, సిమెంటు పూయడం కొన్నిచోట్ల అలవాటు. వీటివల్ల పుచ్చు ఆగదని షైగో పరిశోధనల్లోనే తేలింది. పైపూత కింద తేమ నిలిచి ఒక్కోసారి మరింత కీడు చేస్తుంది. తొర్రలో సిమెంటు నింపడమూ అంతే. గాలికి చెట్టు ఊగినప్పుడు ఊగని సిమెంటు లోపలి కర్రను ఒరుసుకుంటుంది. వేప, రావి, నిద్రగన్నేరు వంటి చెట్లకు నున్నని కోత చాలు, పూత అక్కరలేదు.

మామిడికి మాత్రం మినహాయింపు ఉంది. మామిడిలో కొమ్మ ఎండు తెగులు శిలీంద్రం వల్ల వస్తుంది. పుల్లలు కొస నుంచి ఎండుతూ వస్తాయి, ఆకులు గోధుమరంగుకు మారి పైకి ముడుచుకుని కొమ్మకే అంటిపెట్టుకుంటాయి. ఇలాంటి కొమ్మను ఎండు ఆగిన చోట కోస్తే చాలదు. మూడు అంగుళాలు పచ్చకొమ్మతో సహా కోసి, గాయానికి బోర్డో పేస్టు పూయాలి. చెట్టు మీద లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చల్లాలి.

బోర్డో పేస్టును రైతు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. కిలో మైలుతుత్తం 5 లీటర్ల నీటిలో, కిలో సున్నం మరో 5 లీటర్ల నీటిలో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. ప్లాస్టిక్ బకెట్లు గాని కుండలు గాని మంచివి. కలిపిన దానిలో చాకు ముంచితే దాని మీద ఎర్రని తుప్పులాంటి పూత వస్తే సున్నం చాలలేదని గుర్తు. ఇంకొంచెం సున్నం కలపాలి. చేసిన రోజే వాడేయాలి.

బదనిక పట్టిన మామిడి కొమ్మ సంగతీ ఇలాంటిదే. బదనిక ఆకులు పచ్చగా కళకళలాడుతుంటే చెట్టే బాగుందనుకుంటారు. అది కొమ్మ రసం పీల్చి బతికే పరాయి మొక్క. దాని పైభాగంలో కొమ్మ ఎండిపోతుంది. బదనికను పీకితే మళ్ళీ మొలుస్తుంది. అది అతుక్కున్న చోటికి దిగువన కొమ్మతో సహా కోయాలి. కాయ పండి పిట్టలు గింజలు మోసుకుపోకముందే ఈ పని జరగాలి. మామిడి రైతులు ఇలాంటి తెగుళ్ళ విషయంలో నూజివీడులోని మామిడి పరిశోధన కేంద్రాన్ని, తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయాన్ని సంప్రదించవచ్చు.

కొబ్బరికి కొమ్మలు లేవు గాని, ఇంటి మీదికి ఒరిగిన ఎండుమట్టలు అంతే ప్రమాదం. ఎండినవి మాత్రమే లాగాలి. పచ్చిమట్ట నరికితే దిగుబడి తగ్గడమే కాక, ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు చేరుతుంది. పచ్చిమట్ట తప్పనిసరిగా తీయవలసి వస్తే మూడు, నాలుగడుగుల మట్ట వదిలి కోయాలి.

తల నరకడం వైద్యం కాదు

గాలికి భయపడి కొందరు పెద్దచెట్టు తల మొత్తం నరికి మోడు చేస్తారు. కొద్ది నెలల్లో ఆ మోడు చుట్టూ గుబురుగా కొత్త రెమ్మలు వస్తాయి. చూసి చెట్టు తేరుకుందనుకుంటారు. ఆ రెమ్మలు లోపలి కర్రలోంచి గట్టిగా పుట్టినవి కావు, బెరడు పక్కన అతికించినట్టు ఉంటాయి. అవి లావెక్కేసరికి కింది మోడు పుచ్చుతుంది. అయిదారేళ్ళ తర్వాత వచ్చే గాలికి గంపగుత్తగా విరిగేవి అవే. ముసలిచెట్టుకు పచ్చకొమ్మ ఎంత తక్కువ తీస్తే అంత మేలు. ఎంత అవసరమైనా ఒక ఏడాదిలో నాలుగోవంతు పచ్చదనానికి మించి తీయకూడదు. ఎండుకొమ్మలకు ఈ పరిమితి లేదు, అన్నీ తీయవచ్చు.

విలువైన చెట్టుకు కోత ఒక్కటే దారి కాదు, ఊత కూడా దారే. మహబూబ్‌నగర్ దగ్గర వందల ఏళ్ళ నాటి పిల్లలమర్రిలో చెదలు పట్టి 2017 డిసెంబరులో పెద్దకొమ్మ ఒకటి విరిగిపడింది. సందర్శకులను ఆపేశారు. 2018లో మందు నీళ్ళను సెలైను సీసాలతో చుక్కలు చుక్కలుగా చెట్టులోకి ఎక్కించారు. బరువైన కొమ్మలకు కింద దిమ్మెలు కట్టి నిలిపారు. అంత చెట్టును బతికించడానికి అంత పాటుపడవలసి వచ్చింది. చెదలను మొదట్లోనే కనిపెడితే ఊరి రావికి, మర్రికి అంత అవస్థ రాదు. ఏడాదికి రెండుసార్లు మొదలు చుట్టూ తిరిగి చెదపుట్టలు, పుట్టగొడుగులు, పగుళ్ళు ఉన్నాయేమో చూడాలి. కాండం మీద కర్ర సుత్తితో కొడితే డొల్ల శబ్దం వచ్చిన చోట లోపల పుచ్చు ఉన్నట్టు.

చెట్టు కన్నా ప్రాణం ముఖ్యం

ఎండుకొమ్మ దించబోయి మనిషి పడితే ఆ నష్టానికి లెక్క లేదు. చెట్టెక్కేవారు కాలు ఎప్పుడూ పచ్చకొమ్మ మీదే పెట్టాలి. నడుముకు కట్టిన మోకు కోస్తున్న కొమ్మకు కాక పైనున్న గట్టి పచ్చకొమ్మకు ముడివేయాలి. ఎక్కేముందు తేనెపట్టు, కందిరీగలు, తొర్రలో పాము ఉన్నాయేమో చూడాలి. కింద ఇద్దరు నిలబడి పిల్లలను, పశువులను ఆ ఛాయలకు రానీయకూడదు. తలకు హెల్మెట్ పెట్టుకోవాలి. ఇంట్లో బండి హెల్మెట్ ఉంటే అదైనా లేనిదాని కంటే నయం. కల్లు తాగిన మనిషిని, ఒంటరి మనిషిని చెట్టెక్కించకూడదు.

కరెంటు తీగ పక్కన ఉన్న కొమ్మ జోలికి ఎవరూ సొంతంగా పోరాదు. ఎండుకొమ్మ కదా, కరెంటు రాదని ధైర్యం చెప్పేవారుంటారు. రాత్రి మంచుకు, నిన్నటి వానకు తడిసిన కొమ్మ చాలు ప్రాణం తీయడానికి. పదకొండు కె.వి. లైను తగలనక్కరలేదు, దగ్గరకు వెళ్ళినా ప్రమాదమే. ఇనుప నిచ్చెన, ఇనుప గెడ అసలు వాడకూడదు. లైన్‌మన్‌కు చెప్పి, లేదా 1912 నంబరుకు ఫోను చేసి, లైను ఆపిన తర్వాతే పని మొదలుపెట్టాలి. ఫ్యూజు తీసేశామని పక్కింటివారు చెప్పిన మాట మీద ఎక్కరాదు.

రోడ్డు పక్క, కాలువ గట్టు చెట్లు ప్రభుత్వానివి. పంచాయతీకి, సంబంధిత శాఖకు అర్జీ పెట్టి వారిచేతనే దించించాలి. అర్జీలో చెట్టు ఎక్కడుందో, కొమ్మ ఏ వైపు వంగిందో, కింద బడి ఉందా ఇల్లుందా అన్నది రాస్తే పని త్వరగా జరిగే వీలుంది. ఎండుకొమ్మ పేరు చెప్పి చెట్టు మొత్తం కొట్టుకుపోయేవారి మీద కూడా ఊరు కన్నేసి ఉంచాలి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా ప్రకారం చెట్టు కొట్టడానికి ముందుగా అనుమతి కావాలి.

పిట్టలకూ వాటా ఉంది

ఎండుకొమ్మ అంతా పనికిరానిది కాదు. రామచిలుక, పైడికంటె, వడ్రంగిపిట్ట గూళ్ళు పెట్టేది ఆ తొర్రల్లోనే. పైడికంటె చేలో ఎలుకలు పట్టి రైతుకు మేలు చేస్తుంది. కింద మనుషులు తిరగని చోట, పొలం మధ్యనో చెరువు గట్టునో ఉన్న చెట్టుకు ఒకటి రెండు ఎండుకొమ్మలు వదిలితే నష్టం లేదు. కోయవలసిన కొమ్మలో గుడ్లు, పిల్లలు ఉంటే, ప్రమాదం నెత్తిమీద లేకపోతే, నెలా నెలన్నర ఆగాలి.

ఈ ప్రాంతం ఒకప్పుడు పిట్టలకు పుట్టినిల్లు. కేరళకు చెందిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1946లో తాడేపల్లిగూడెం సమీపంలో గూడబాతుల గూళ్ళ స్థావరాన్ని కనుగొన్నారు. అప్పుడు అక్కడ సుమారు మూడువేల పక్షులు ఉన్నాయి. ఆ స్థావరం తర్వాత కాలంలో లేకుండా పోయింది. ఇవాళ కొల్లేటిలో ఆటపాక దగ్గర గూడబాతులకు చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. వాటి మీద కూడా అవి గూళ్ళు పెడుతున్నాయి. పెద్దచెట్టు పోయాక ఇనుము నాటుకోవలసి వస్తుంది.

మామిడిచెట్టు మనవడికి కాయ ఇవ్వాలన్నా, రచ్చబండ రావి ఇంకో తరానికి నీడ ఇవ్వాలన్నా ఖర్చు పెద్దది కాదు. ఒక మంచి రంపం, ఒక మోకు, ఇద్దరు మనుషులు, ఒక పూట పని. ఈ కృత్తిక కార్తెలో ఎవరి పెరటి చెట్టును వారు ఒకసారి తలెత్తి చూసుకుంటే, స్వాతి, విశాఖ కార్తెల గాలి రాత్రి నిశ్చింతగా పడుకోవచ్చు.